తౌనో అన్నయ్య బకెట్టు

మా అన్నయ్య తౌనోని ఏదైనా ప్రశ్న అడిగితే, జవాబు వచ్చేలోగా ఇంటికెళ్ళి కాఫీ కాచుకుని తాగి రావచ్చు. ఇది నేను కల్పించి చెబుతున్నానని మా పియెక్సామాకి ఊళ్ళో ఎవరూ అనరు. "ఈ ఏడు మంచు బాగా పడేట్టుంది తౌనో" అని ఎవరైనా అక్టోబరులో అంటే, డిసెంబరులో పార చేతబట్టుకుని వాళ్ళ గుమ్మం ముందు నిలబడి "అవును" అంటాడు. అవతలివాళ్ళకు తామేం అడిగారో గుర్తుండదు. అన్నయ్యకు మాత్రం గుర్తుంటుంది.

స్టేషను వెనక ఎర్ర ఇటుకల మూడంతస్తుల బిల్డింగు మాది. మాది అంటే మా సొంతమని కాదు. అందులో ఉండేవాళ్ళంతా రైల్వేవాళ్ళో, రైల్వేలో రిటైరైనవాళ్ళో, రైల్వేవాళ్ళ భార్యలో. అన్నయ్య ఆ బిల్డింగు బాగోగులు చూసుకునే మనిషి. మంచు తొయ్యడం, బల్బులు మార్చడం, మెట్లు కడగడం, పెరట్లో ఉన్న సౌనాకి, అంటే ఆవిరిస్నానాల ఇంటికి, కట్టెలు పెట్టి కాచడం అన్నయ్య పనులు. అందుకు కింది అంతస్తులో మూలగది వాటా ఇచ్చారు. పెళ్ళి చేసుకోమని అన్నయ్యని అడిగినవాళ్ళున్నారు. జవాబు వచ్చేలోగా వాళ్ళకు వేరేచోట పెళ్ళిళ్ళు అయిపోయాయి. నేను బడి వంటశాలలో పనిచేస్తూ, మా ఆయన పోయాక అన్నయ్య దగ్గరే ఉంటున్నాను. మా ఇద్దరిలో మాట్లాడే పని మొత్తం నాదే.

అన్నయ్య పనుల్లో అన్నయ్యకి ప్రాణం సౌనా. బిల్డింగు కట్టినప్పుడే కట్టిన చెక్క ఇల్లు అది. ముందు బట్టలు మార్చుకునే గది, దాని వెనక ఆవిరి గది, మధ్య గోడలో పొయ్యి. ప్రతి ఇంటికీ వారంలో ఒక వంతు ఉంటుంది. వంతు అయ్యాక తాళంచెవి తెచ్చి మా తలుపు దగ్గర ఇచ్చిపోతారు. ఇస్తూ, "ఆవిరి బాగుంది తౌనో" అంటారు. అన్నయ్యకి వారమంతా దొరికే మాటలు అవే. తలుపు వేసి తాళంచెవిని మేకుకి తగిలించి, కాసేపు దానివైపే చూస్తూ నిలబడేవాడు. నేను ఎన్ని పలకరింపులు పలకరించినా, ఎంత మంచి చారు చేసినా, ఆ ముఖంలో అంత వెలుగు ఎప్పుడూ రాలేదు. నాకు ఒళ్ళు మండేది, నిజం చెప్పాలంటే.

ఇక అన్నయ్యకున్న రెండో ప్రాణం గురించి. అది కిల్యు.

కిల్యుకి కావలసింది చక్కెర, నీళ్ళు, ఈస్టు, ఓపిక. మొదటి మూడూ కలిపి బకెట్టులో పోసి వెచ్చని చోట పెట్టి మూతకి వంకర గొట్టం బిగిస్తే, నాలుగోది మన దగ్గర ఉంటే, రెండు మూడు వారాల్లో తాగితే మత్తెక్కే నీళ్ళు తయారవుతాయి. రుచి ఎలా ఉంటుందంటే, నేను బడి పిల్లలకు వండినవాటిలో పారబోసినవి కూడా అంతకంటే బాగుండేవి. సర్కారు సారాదుకాణంలో సీసా కొనడం ఇష్టంలేనివాళ్ళు, కొనేటప్పుడు ఎవరైనా చూస్తారని సిగ్గుపడేవాళ్ళు, మా ఊళ్ళో ఇళ్ళల్లో కాచుకునేది ఇదే. కాకపోతే ఇది చట్టానికి విరుద్ధం. అందుకని కాచేవాడు ఎవరికీ చెప్పడు. అందరికీ తెలుస్తుంది. తెలిసినవాళ్ళూ ఎవరికీ చెప్పరు.

అన్నయ్య జాగ్రత్త మరీ ఎక్కువ. చక్కెరా ఈస్టూ ఒకే దుకాణంలో కొంటే దుకాణంవాడికి అర్థమైపోతుందని, చక్కెర తను కొని ఈస్టు నాచేత కొనిపించేవాడు. ఫిబ్రవరిలో మగవాడు సంచీడు చక్కెర మోసుకుపోతుంటే అడవిపళ్ళ జాం కాచడానికని ఎవరు నమ్ముతారు? పళ్ళు మంచు కింద ఉంటాయి. పోనీ నా సంగతేమైనా బాగుందా అంటే అదీ లేదు. ఈస్టు ఎందుకని అడిగితే "బన్నులకి" అని చెప్పేదాన్ని. చెప్పాక అబద్ధం అవకూడదని ఇంటికొచ్చి బన్నులు చేసేదాన్ని. అన్నయ్య ఒక బకెట్టు కిల్యు పెట్టినప్పుడల్లా నేను యాలకుల బన్నులు చేసి చేసి, బిల్డింగు మొత్తానికి పంచిపెట్టేదాన్ని. బన్నులు చూడగానే అందరికీ బకెట్టు పెట్టిన సంగతి తెలిసిపోయేదని నాకు తర్వాత తెలిసింది.

బకెట్టు మా బడి వంటశాలలో ఉప్పుదోసకాయలు వచ్చిన తెల్ల ప్లాస్టిక్ బకెట్టు. దాన్ని అన్నయ్య సౌనా బట్టల గదిలో నేలకింద పెట్టేవాడు. అక్కడ నీటి గొట్టాలు చూసుకోవడానికని నేలలో చిన్న చెక్క తలుపు ఉంది. దాని కింద, పొయ్యి గోడకి ఆనుకుని, ఎప్పుడూ వెచ్చగా ఉండే గుంట. ఆ తలుపు తెరిచే హక్కు బిల్డింగు చూసుకునే మనిషిదే కాబట్టి అది లోకంలోకెల్లా భద్రమైన చోటని అన్నయ్య నమ్మకం.

కిల్యు తయారయ్యాక శనివారం సాయంత్రం, అందరి వంతులూ అయ్యాక, అన్నయ్య ఒక జగ్గు నింపి ఇంటికి తెచ్చేవాడు. తను ఒక కప్పు, నాకు అరకప్పు. తాగి, కప్పు కింద పెట్టి, చాలాసేపటికి అనేవాడు.

"మళ్ళీ పల్చగా వచ్చింది హిల్కా."

"చక్కెర తక్కువేశావేమో."

"లేదు. కొలిచే వేశాను."

"మరింకేంటి?"

ఆ జవాబు మరుసటి వారం వచ్చేది. "నాకు చేతివాసి లేదు." 

ఏళ్ళ తరబడి ఇదే మాట. చక్కెర పెంచి చూశాడు, ఈస్టు మార్చి చూశాడు, పొయ్యి గోడకి ఇంకాస్త దగ్గరగా జరిపి చూశాడు. ఏం చేసినా మొదటివారం ఘాటుగా వాసనేసేది రెండోవారానికి చారునీళ్ళయ్యేది. ఒకసారి బకెట్టులో బర్చ్ చెట్టు ఆకు తేలుతూ కనిపించింది. ఒళ్ళు చరుచుకోవడానికి ఆవిరి గదిలోకి అందరూ తీసుకెళ్ళే కొమ్మల కట్టలోంచి రాలిన ఆకు. మూత బిగించిన బకెట్టులోకి అదెలా వచ్చిందని అన్నయ్య వసంతకాలమంతా ఆలోచించాడు. చివరికి ఎలకలు తెచ్చాయన్నాడు. మూత ఎత్తి, ఆకు వేసి, మళ్ళీ మూత బిగించి వెళ్ళే ఎలకలు ఎక్కడుంటాయని నేను అడగలేదు. అడిగితే జవాబు కోసం మళ్ళీ శీతాకాలం దాకా ఆగాలి.

అలా సాగుతుండగా మా బిల్డింగులోకి వియెనో లిండ్రూస్ గారు వచ్చారు. తుర్కు పట్నంలో ఏదో ఆఫీసులో పెద్ద ఉద్యోగం చేసి రిటైరయ్యారు. పెళ్ళి చేసుకోలేదు. నిటారుగా నడుస్తారు, నిటారుగా కూర్చుంటారు. వచ్చిన ఏడాదిలోపే బిల్డింగువాళ్ళ సంఘానికి అధ్యక్షురాలయ్యారు. పోటీ ఏమీ లేదు. "ఎవరైనా ఉంటారా" అని మీటింగులో అడిగినప్పుడు అందరూ తమ సాక్సుల వైపు చూసుకుంటే, ఆవిడొక్కరే ముందుకి చూశారు.

ఆవిడ వంతు గురువారం. మిగతావాళ్ళు ఆవిరి గదిలో ఉన్నంతసేపూ పొయ్యిమీద నీళ్ళు చల్లుతూ, ఉస్సురంటూ, ఒళ్ళు చరుచుకుంటూ ఉంటారు. ఈవిడ స్నానం చేసి, బట్టల గదిలో బెంచీమీద వెల్లకిలా పడుకుని కళ్ళు మూసుకుంటారు. అలా పడుకున్నప్పుడు ఒకరోజు నేలకింద నుంచి వినబడింది. 

బ్లుప్.

కాస్త ఆగి మళ్ళీ, బ్లుప్.

బకెట్టు మూతకి బిగించిన వంకర గొట్టంలోంచి గాలి పోయే చప్పుడది. మాకు అలవాటైపోయి వినబడేది కాదు. ఆవిడ తాళంచెవి ఇవ్వడానికి వచ్చి, ఆవిరి గురించి ఒక్క మాటైనా అనకుండా, "తౌనో గారూ, సౌనా కింద గొట్టాలు పోయాయి. నీళ్ళు లీకవుతున్నాయి" అన్నారు.

అన్నయ్య నోరు తెరిచాడు. ఆవిడ ఆగలేదు. అన్నయ్య దగ్గర ఆగే తీరిక పెద్ద ఉద్యోగం చేసి వచ్చినవాళ్ళకి ఉండదు.

"మీరేం కంగారుపడకండి. మీ తప్పేం లేదు. పాత కట్టడం. నేను చూసుకుంటాను" అని వెళ్ళిపోయారు.

వారం తిరక్కుండా విషయం తేల్చేశారు. నేల మొత్తం తవ్వి గొట్టాలు మార్చడం కంటే సౌనాని పడగొట్టి, ఆ చోట సైకిళ్ళకి షెడ్డు వేయడం మేలు. ఆవిరి కావలసినవాళ్ళు ఊళ్ళో ఈతకొలను దగ్గరున్న సౌనాకి వెళ్ళొచ్చు. ఏప్రిల్ ఆఖరున మీటింగు, అక్కడ ఓటు.

ఆ రాత్రి అన్నయ్య బంగాళాదుంపల గిన్నె ముందు కూర్చుని ఒక్కటీ తినలేదు.

"వెళ్ళి చెప్పెయ్యొచ్చుగా, గొట్టాలు కాదు బకెట్టని" అన్నాను.

"చెబితే పోలీసులకి చెబుతుంది. చట్టం మనిషి."

"అయితే బకెట్టు తీసి పారబొయ్యి. చప్పుడు ఆగిపోద్ది."

"ఆగితే గొట్టం పూర్తిగా పగిలిందనుకుంటుంది. ఇంకా తొందరగా పడగొట్టిస్తుంది." 

అన్నయ్య ఒకే రాత్రిలో అన్ని మాటలు మాట్లాడటం నేను అంతకుముందు చూడలేదు. నాకు భయమేసింది. సౌనా లేకపోతే ఆ తాళంచెవి లేదు. తాళంచెవి లేకపోతే మా తలుపు తట్టేవాళ్ళు లేరు. బల్బు మార్చినందుకు ఎవరూ తలుపు తట్టి బాగుందని చెప్పరు. అన్నయ్య ఆ మూలగదిలో నాతో తప్ప మనిషి పొడ లేకుండా మిగిలిపోతాడు. నాకు ఆయన మీద ఎంత చిరాకున్నా, అది చూస్తూ ఉండలేను.

మీటింగు ఎప్పుడూ సౌనా బట్టల గదిలోనే జరుగుతుంది. మా బిల్డింగులో అందరూ పట్టే గది అదొక్కటే. అలవాటు కొద్దీ ఒక్కొక్కరూ చిన్న తువ్వాలు తెచ్చుకుని, బెంచీమీద పరుచుకుని, కోట్లతో సహా దానిమీద కూర్చున్నారు. అన్నయ్యా నేనూ తలుపు దగ్గర ముక్కాలి పీటలమీద. మాకు ఓటు లేదు. మాట్లాడనని అన్నయ్య నాచేత ముందే ఒట్టేయించుకున్నాడు. అయినా నమ్మకం లేక నా చేతిసంచీ పట్టుకుని కూర్చున్నాడు.

వియెనో గారు నిలబడి గొట్టాల సంగతి చెప్పారు. పాత ఇళ్ళలో నేలకింద నీళ్ళు చేరితే ఏమవుతుందో చెప్పారు. చెప్పి, "ఎవరైనా ఏమైనా అంటారా?" అని అడిగారు.

ఎవరూ కిమ్మనలేదు. మా ఊరివాళ్ళు మామూలుగానే కిమ్మనరు. కానీ ఆ మౌనం వేరు. మామూలు మౌనంలో మనుషులు కిటికీలోంచి బయటికి చూస్తారు. ఆరోజు అందరూ నేలలోని ఆ చెక్క తలుపుని చూడకుండా ఉండటానికి అవస్థ పడుతున్నారు. సైమి రూస్కా పిన్ని, చర్చి పాటల బృందంలో ముందు వరసలో నిలబడే ఆవిడ, పైకప్పు వైపు చూస్తోంది. ఇంజను డ్రైవరుగా చేసి రిటైరైన యల్మారి, మనిషి రెండు తలుపుల వెడల్పు, తన గోళ్ళు పరీక్షిస్తున్నాడు. బస్సు నడిపే ఒన్ని, అతని భార్యా ఒకరికొకరు కానివాళ్ళలా చెరో గోడ వైపూ తిరిగారు.

ఆ నిశ్శబ్దంలో, మా కాళ్ళకింద, బ్లుప్.

"విన్నారుగా" అన్నారు వియెనో గారు. "పడగొట్టడానికి ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తండి."

యల్మారి చెయ్యి మెల్లగా లేచింది. నా కళ్ళు నేను నమ్మలేకపోయాను. ఒక్కవారం కూడా తన వంతు వదులుకోని మనిషి. తర్వాత ఒన్ని చెయ్యి. ఒన్ని భార్య చెయ్యి. సైమి పిన్ని కళ్ళు మూసుకుని, ప్రార్థనలో ఎత్తినట్టు, తనూ ఎత్తబోయింది. 

అప్పుడు నా చేతిసంచీ కిందపడింది. అన్నయ్య లేచి నిలబడ్డాడు.

ఇన్నేళ్ళలో అన్నయ్య మీటింగులో లేవడం చూసినవాళ్ళు లేరు. అందరూ, బహుశా ఏ బల్బో పోయిందనుకుని, పైకి చూశారు.

"గొట్టాలు కాదు" అన్నాడు అన్నయ్య. గొంతు తుప్పుపట్టిన గొళ్ళెంలా కిర్రుమంది. "నేను."

"మీరేంటి తౌనో గారూ?"

సమాధానం కోసం గది మొత్తం ఆగింది. ఆరోజు ఎక్కువసేపు ఆగాల్సిన పని లేకపోయింది. అన్నయ్య గది మధ్యకి నడిచి, వంగి, చెక్క తలుపు ఎత్తి, బకెట్టు బయటికి తీసి అధ్యక్షురాలి బల్లమీద పెట్టాడు. 

"కిల్యు" అన్నాడు. "నాదే. సౌనాకేం కాలేదు. దాన్నేం చేయకండి. నన్నేం చేస్తారో చేయండి."

బల్లమీద నుంచి బకెట్టు బ్లుప్ అంది. వియెనో గారు కూర్చున్నారు. అన్నయ్య చేతులు వేలాడేసుకుని నిలబడ్డాడు. నేను ఒట్టేసింది మాట్లాడనని మాత్రమే. మా అన్నయ్యని ఒక్కమాట అంటే ఆవిడ జుట్టు పట్టుకుందామనే నిర్ణయానికి వచ్చేశాను.

అప్పుడు సైమి పిన్ని గొంతు సవరించుకుంది.

"ఈసారి చక్కెర కాస్త తగ్గింది నాయనా" అంది.

అందరూ ఆవిడ వైపు తిరిగారు. తను పైకే అన్నానని ఆవిడకి అప్పుడు తెలిసినట్టుంది. కండువా మూతికి అడ్డం పెట్టుకుంది. 

"చక్కెర తగ్గడం కాదు" అన్నాడు యల్మారి, ఇంక దాచి లాభం లేదన్నట్టు. "ఎవరో నీళ్ళు పోస్తున్నారు. నేను ఒక్క గరిటె తీసుకుని ఒక్క గరిటే నీళ్ళు పోస్తా, లెక్క తప్పకూడదని. నేను పోసిన నీళ్ళకే అంత పల్చబడదు."

"నువ్వు పోస్తావా?" అంది ఒన్ని భార్య. "నేనూ పోస్తాను."

"నువ్వా?" అన్నాడు ఒన్ని.

"నువ్వు తాగొచ్చినప్పుడు నీ నోటివాసన నాకు తెలీదనుకున్నావా? నువ్వు నీ స్నానమప్పుడు తాగితే నేను నా స్నానమప్పుడు తాగకూడదా?"

"నేను తాగిన దానికి నీళ్ళు పొయ్యలేదు. బకెట్టు ఊపి పెట్టేవాణ్ణి, నిండుగా కనబడాలని."

"ఊపితే నిండుతుందా సన్నాసీ?"

అలా ఒక్కొక్కరూ బయటపడ్డారు. ప్రతివాళ్ళూ తామొక్కరే దొంగలమనుకున్నారు ఇన్నేళ్ళూ. ప్రతివాళ్ళూ ఆవిరి గదిలో పొయ్యిమీద నీళ్ళు చల్లే చెక్క గరిటెతోనే కిల్యు తీసుకుని, అదే గరిటెతో అక్కడి బాల్చీలో నీళ్ళు తీసి, తిరిగి బకెట్టుని పూర్వం ఉన్న మట్టానికి నింపారు. ఆ బాల్చీలోనే కొమ్మల కట్టలు నానేస్తారు. ఎలకలు తెచ్చిన ఆకు అదన్నమాట. బకెట్టు సంగతి ఎత్తితే తాము తాగిన సంగతి బయటపడుతుందని, అంతకంటే సౌనా కూలిపోవడమే నయమని, చేతులెత్తడానికి కూడా సిద్ధపడ్డారు మా వాళ్ళు. మా ఊరివాళ్ళ పరువు అలాంటిది.

నేను అన్నయ్య ముఖం చూశాను. దొంగలు దొరికినందుకు కోపం వస్తుందనుకున్నాను. అన్నయ్య నెమ్మదిగా, ఒక్కొక్కరి ముఖం చూసుకుంటూ వెళ్ళి, చివరికి అడిగాడు.

"అయితే... నీళ్ళు పొయ్యకముందు... బాగుండేదా?"

"నేను మొదటివారమే వచ్చేదాన్ని, ఎవరూ ముట్టకముందు" అంది సైమి పిన్ని నేలచూపులు చూస్తూ. "చాలా బాగుండేది. ఆ వారం నేను పాట పాడితే పాదిరిగారు కూడా మెచ్చుకునేవారు."

అన్నయ్య పీటమీద కూర్చుని ముఖం రెండు చేతులతో కప్పుకున్నాడు. భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో నాకే తెలియలేదు. నాకు మాత్రం ఏడుపే వచ్చింది, అదీ సంతోషంతో.

వియెనో గారు బల్లని వేలితో తట్టారు. ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న, "ఇందులో పళ్ళేమైనా వేశారా?"

"లేదండీ" అన్నాడు అన్నయ్య.

"వేస్తే అది ఇంట్లో చేసుకున్న పళ్ళరసం సారా. చట్టం ఒప్పుకుంటుంది. వెయ్యకపోతే నేరం." ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఈ బకెట్టు పారబోయండి. వచ్చే బకెట్టులో లింగన్ పళ్ళు వేసి కాయండి. దాన్ని నేలకింద దాచకండి. ఈ బెంచీమీద అందరికీ కనబడేట్టు పెట్టండి, పక్కన ఒక కప్పు పెట్టండి. కావలసినవాళ్ళు దర్జాగా తాగుతారు. దొంగతనాలు వద్దు మన ఇంట్లో. సౌనా ఉంటుంది. అందరూ వాడుకున్నంత కాలం ఉంటుంది."

ఆవిడ అంత న్యాయంగా మాట్లాడతారని నేను అనుకోలేదు. అందరం పెరట్లోకి నడిచి, కాలువ పక్కన నిలబడ్డాం. అన్నయ్య బకెట్టు వంచాడు. యల్మారి టోపీ తీశాడు. మా నాన్న పోయినప్పుడు కూడా అంతమంది అంత నిశ్శబ్దంగా నిలబడలేదు.

అన్నయ్య కొత్త బకెట్టు పెట్టాడు. కిందటి శరదృతువులో అడవిలో ఏరి దాచిన పుల్లటి ఎర్ర లింగన్ పళ్ళు గిన్నెడు వేశాడు. చక్కెర, ఈస్టు రెండూ ఒకే దుకాణంలో, ఒకేసారి, అందరూ చూస్తుండగా కొన్నాడు. నేను బన్నులు చేయాల్సిన పని తప్పింది. బకెట్టు ఎర్రగా, అందంగా తయారైంది. బట్టల గది బెంచీమీద పెట్టి, పక్కన మా ఇంట్లో ఉన్న కప్పుల్లోకెల్లా మంచి కప్పు పెట్టాడు.

ఎవరూ తాగలేదు.

మొదటివారం మొహమాటం అనుకున్నాం. రెండోవారం బకెట్టు మట్టం వెంట్రుకవాసి కూడా తగ్గలేదు. పైగా వంతులు ఎగ్గొట్టడం మొదలైంది. సౌనాలోకి వెళ్ళాలంటే ఆ కప్పు పక్కనుంచే వెళ్ళాలి. తాగితే తాగినట్టు తెలుస్తుంది. తాగకపోతే, మీటింగులో అంత చెప్పి ఇప్పుడు మంచివాళ్ళలా నటిస్తున్నట్టుంటుంది. యల్మారి నడుంనొప్పి అన్నాడు. ఒన్ని దంపతులు బస్సు డ్యూటీ మారిందన్నారు. సైమి పిన్ని పాటల సాధన అంది. ఎండాకాలం వచ్చేసరికి వియెనో గారు తప్ప ఎవరూ రావడం లేదు. ఆవిడ తాళంచెవి ఇచ్చేటప్పుడు ఏమీ అనరు కదా. మా తలుపు దగ్గర ఇంక ఎవరి గొంతూ లేదు.

అన్నయ్య అలవాటుగా కట్టెలు పెట్టి ఖాళీ సౌనా కాచేవాడు. కాచి, ఇంటికొచ్చి, మేకుకున్న తాళంచెవి చూసుకుంటూ కూర్చునేవాడు. తిండి తగ్గింది. అసలే తక్కువైన మాటలు పూర్తిగా ఆగిపోయాయి. ఒకరోజు మెట్లమీద వియెనో గారు ఎదురై, ఎవరూ వాడనప్పుడు అంత కట్టె దేనికి తగలెయ్యాలో శరత్కాలం మీటింగులో ఆలోచిద్దామన్నారు. ఆవిడ చెడ్డగా అనలేదు. ఉన్నమాట అన్నారు.

ఆ సాయంత్రం నేనే తెగించాను.

"అన్నయ్యా, నీకు కిల్యు కాయడానికి చేతివాసి ఉందిగానీ మనుషుల సంగతి తెలీదు. నీ ఎదురుగా తాగమంటే ఎవడు తాగుతాడు? సైమి పిన్నికి నువ్వు గ్లాసులో పోసిచ్చి చూడు, చచ్చినా ముట్టదు. అదే నువ్వు చూడనప్పుడైతే గరిటెతో తాగుద్ది."

అన్నయ్య ఆలోచించాడు. నేను వంటపాత్రలు కడిగి, సాక్సులు ఆరేసి, రేడియోలో వాతావరణం విని వచ్చేదాకా ఆలోచించాడు.

"మానేశానని చెప్పు" అన్నాడు.

అంతే. మర్నాడు నేను మెట్లమీద కనబడిన ప్రతివాళ్ళకీ చెప్పాను. మా అన్నయ్య కిల్యు కాయడం మానేశాడు, పెద్దవాడవుతున్నాడు, ఇంక ఒంటికి పడటంలేదు అని. బెంచీమీద బకెట్టూ, మంచి కప్పూ తీసేశాడు. వారం ఆగి నేను దుకాణానికి వెళ్ళి ఈస్టు కొన్నాను. ఎందుకని దుకాణంవాడు అడగకముందే బన్నులకని చెప్పాను. ఇంటికొచ్చి యాలకులు దంచి, బన్నులు చేసి, బిల్డింగు మొత్తం తిరిగి పంచిపెట్టాను. సైమి పిన్ని బన్ను అందుకుని, వాసన చూసి, నా కళ్ళలోకి చూసి, "బాగా పొంగాయి" అంది. ఇంకేమీ అనలేదు.

ఆ వారంలోనే యల్మారి నడుంనొప్పి తగ్గింది. ఒన్ని డ్యూటీ మళ్ళీ మారింది. సాధనలు అయిపోయాయి. సెప్టెంబరు నాటికి వంతులు సరిపోక, ఒన్ని భార్యకీ సైమి పిన్నికీ శనివారం గురించి మాట పట్టింపు కూడా వచ్చింది. తాళంచెవి ఇచ్చేటప్పుడు ఎర్రటి బుగ్గలతో, చూపు పక్కకి తిప్పుకుని, "ఆవిరి బాగుంది తౌనో" అనేవారు. అన్నయ్య శనివారం జగ్గు తెచ్చి, ఒక గుక్క తాగి, కళ్ళు మూసుకుని "నీళ్ళు" అనేవాడు, ఎవరో తనకి బహుమతి ఇచ్చినట్టు. పళ్ళు మాత్రం వెయ్యలేదు. పళ్ళు వేస్తే రంగొస్తుంది, రంగొస్తే నీళ్ళు పోసిన సంగతి కనబడిపోతుంది. వాళ్ళు సిగ్గుపడతారు.

శరత్కాలం మీటింగు వచ్చింది. అదే గది, అవే తువ్వాళ్ళు, అవే బెంచీలు. అన్నయ్యా నేనూ తలుపు దగ్గర. వియెనో గారు సౌనా విషయం ఎత్తారు. వసంతంలో దీన్ని పడగొడదామనుకున్నామనీ, ఎండాకాలంలో ఎవరూ రాలేదనీ, ఇప్పుడు మాత్రం వంతులు దొరకడంలేదనీ చెప్పారు. "తౌనో గారు ఆ అలవాటు మానుకోవడం వల్లే అందరూ మళ్ళీ వస్తున్నారని నేను అనుకుంటున్నాను" అన్నారు. అందరూ తలలూపారు. యల్మారి మరీ గట్టిగా ఊపాడు.

"కాబట్టి సౌనా ఉంచాలా వద్దా అనేది ఇవాళ తేల్చేద్దాం" అంటూ ఆవిడ కళ్ళజోడు సర్దుకున్నారు.

అప్పుడు ఆవిడ కాళ్ళకింద, స్పష్టంగా, బ్లుప్.

అన్నయ్య మోకాళ్ళు పట్టుకుని, ఏ క్షణాన్నైనా లేచి మళ్ళీ ఒప్పుకోవడానికి సిద్ధంగా, పీట అంచున కూర్చున్నాడు. వియెనో గారు నేలకేసి చూశారు. తర్వాత సైమి పిన్నిని, యల్మారిని, ఒన్నిని, అతని భార్యని, ఒక్కొక్కరినీ చూశారు. చివరికి అన్నయ్యని చూశారు. అంతసేపు ఆవిడ ఎవరి కోసమూ ఆగడం నేను చూడలేదు.

మళ్ళీ, బ్లుప్.

"పాత గొట్టాలు" అన్నారు వియెనో గారు. "అవి అలాగే చప్పుడు చేస్తాయి. సౌనా ఉంటుంది."